చొక్కా విప్పి చూస్తే తప్ప బయటపడని లోపం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు ఒక వార్త కనిపిస్తూ ఉంటుంది. ఛాతీ లోపలికి సొట్టపడిన పిల్లవాడికి పెద్ద కోత లేకుండా, రెండు చంకల కింద చిన్న గాట్లు పెట్టి, లోపలి నుంచి ఎముకను పైకి లేపారని, ఇది అరుదైన శస్త్రచికిత్స అని చెప్పి నాలుగైదు వాక్యాల్లో ముగిసే వార్త అది. పక్కన వైద్య బృందం ఫొటో ఉంటుంది. ఆ వార్త రాసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ‘అరుదైన’ అన్న మాట చదివిన తల్లిదండ్రులు అది ఎక్కడో ఎవరి పిల్లలకో వచ్చేదనుకొని పేజీ తిప్పేస్తారు. కొన్నేళ్ల కిందట నేనూ అలాగే తిప్పేశాను. అప్పటికి ఆ సొట్ట మా ఇంట్లోనే, నా కొడుకు చొక్కా కింద ఉంది.

వైద్యులు పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అని పిలిచే ఈ లోపం దాదాపు 300 నుంచి 400 మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఛాతీ గోడకు వచ్చే లోపాలన్నింటిలోకీ ఎక్కువగా కనిపించేది ఇదే. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. ఈ లెక్కన 400 మంది చదివే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇలాంటి విద్యార్థి ఒకరైనా ఉండవచ్చు. నేను నల్లగొండ జిల్లాలో 24 ఏళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. వేలమంది పిల్లలను మైదానంలో వరుసల్లో నిలబెట్టి, పరుగెత్తించి, ఎత్తూ బరువూ రాసుకున్నవాడిని. అంతమందిలో ఈ లోపాన్ని నేను గుర్తించింది ఇద్దరిలోనే. మిగతా పిల్లలు నా కళ్ల ముందు నుంచే దాటిపోయి ఉంటారు. ఎత్తు కొలిచేటప్పుడు చెప్పులు విప్పిస్తాం కానీ చొక్కా విప్పించం కదా.

మా అబ్బాయి సంగతి చెప్పడానికి అతని అనుమతి తీసుకున్నాను. పేరు రాయవద్దన్నాడు కనుక నా పేరూ రాయడం లేదు, మన్నించగలరు.

వాడు పుట్టిన నెలరోజులకే మా అమ్మ ఈ సంగతి కనిపెట్టింది. రెండు కాళ్లూ చాపి, వాటి మీద వాణ్ణి పడుకోబెట్టి, రొమ్ముకు నూనె రాసి మర్దన చేసి నీళ్లు పోసేది. ఎంత తుడిచినా రొమ్ము నడుమ, పక్కటెముకలు కలిసేచోట, దోసిట్లో నిలిచినట్టు కాసిన్ని నీళ్లు నిలిచేవి. ఊపిరి తీసినప్పుడల్లా ఆ నీళ్లు కదిలేవి. ‘‘కండ పడితే అదే నిండుతది, రంది పడకు బిడ్డా’’ అని మా అమ్మ నా భార్యకు ధైర్యం చెప్పింది. వాడికి కండ పట్టింది కానీ గుంట నిండలేదు. పదకొండేళ్లదాకా పెద్దగా తెలియలేదు. ఆ తర్వాత ఏడాదిన్నరలో వాడు అరడుగు పెరిగాడు, ఎత్తుతోపాటు గుంట కూడా లోతైంది. ఎదిగే వయసులో ఎముకలు వేగంగా పెరిగేటప్పుడే ఈ సొట్ట ఎక్కువవుతుందని తర్వాత వైద్యులు చెప్పారు. నాకు అప్పుడు తెలిసిందల్లా కొడుకు భుజాలు ముందుకు వంచి నడుస్తున్నాడని, ఎండాకాలంలో కూడా బనియను మీద చొక్కా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటున్నాడని మాత్రమే. ఊళ్లో పిల్లలంతా వ్యవసాయ బావిలో దుంకి ఈదుతుంటే వీడు ఒడ్డున అందరి బట్టలకు కాపలా కూర్చునేవాడు. ఈత రాక కాదు, ఏడేళ్లప్పుడే నేర్పాను. చొక్కా విప్పాల్సి వస్తుందనే దిగేవాడు కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మైదానంలో 800 మీటర్ల పరుగు పెడితే రెండో చుట్టు మొదట్లోనే వాడు ఆగిపోయి, నడుము మీద చేతులు పెట్టుకొని వంగి నిలబడేవాడు. డ్రిల్లు సారు కొడుకువై ఉండి ఈ బద్ధకమేమిటని అందరి ముందూ కేకలేశాను. ఛాతీ సంగతి తెలిశాక కూడా దండీలు తీస్తే రొమ్ము ముందుకొస్తుందన్న నమ్మకంతో రోజూ పొద్దున వంద దండీలు తీయించాను. వ్యాయామం వల్ల నిలబడే తీరు సరవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, ఊపిరితిత్తులకు కొంత అలవాటు వస్తుంది. అంతవరకు మేలే. అయితే లోపలికి వెళ్లిన రొమ్ము ఎముకను కండరం బయటికి లాగలేదు. అసలే రొమ్ము మీది కండ పెరిగిన కొద్దీ నడుమనున్న గుంట ఇంకా లోతుగా కనిపిస్తుంది. నా వృత్తిలో ఉన్న మిత్రులు ఇది చదివితే, ఏ పిల్లవాడి విషయంలోనూ నేను చేసిన పని చేయవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

మన నల్లగొండకు సంబంధించిన ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ ఎముకకు ఏ వంకర వచ్చినా జనం ముందు అనే మాట ‘ఫ్లోరిన్’. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగి, కాళ్లు దొడ్డి తిరిగిన మనుషులను చూసిన కళ్లు కనుక ఆ అనుమానం సహజమే. మా అబ్బాయి ఛాతీ చూసిన బంధువులందరూ ఆ మాటే అన్నారు. ‘‘సారూ, ఇది ఫ్లోరిన్ బొక్కల రోగమే, మందు లేదు’’ అని పక్కింటాయన తేల్చేశాడు. మందు లేదన్న ఆ నమ్మకమే ఆసుపత్రికి వెళ్లనివ్వదు. కానీ ఫ్లోరోసిస్ వేరు, ఇది వేరు. ఫ్లోరోసిస్‌లో ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి నీటి ద్వారా ఎముకల్లో చేరుతుంది. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గార కనిపిస్తుంది, వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోతాయి. ఛాతీ సొట్టకు నీటితో పనిలేదు. పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపే మెత్తని మృదులాస్థి తీరు తప్పి పెరగడం వల్ల రొమ్ము ఎముక లోపలికి నెట్టుకుపోతుందన్నది ఎక్కువమంది వైద్యులు చెప్పే కారణం. దాదాపు ప్రతి పదిమందిలో నలుగురికి కుటుంబంలో ఇంకెవరికో ఇదే లోపం ఉంటుంది. మా చిన్నాన్నకు ఉందని మాకు తెలుసు, కానీ ఆయన్ని ‘గుంట రొమ్మాయన’ అని పిలవడం తప్ప అది వంశంలో దిగే సంగతి అని ఎవరమూ ఆలోచించలేదు.

ఇంకో నింద నా భార్య మోసింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు ఏదో చేసి ఉంటుందని, సరిగా తినలేదని, బాలింతగా ఉన్నప్పుడు పథ్యం తప్పిందని పన్నెండేళ్ల పాటు అన్నారు. గ్రహణానికీ ఛాతీ ఎముకకూ సంబంధం లేదు. తల్లి తిండికీ ఈ సొట్టకూ సంబంధం లేదు. ఆ మాట పత్రికలో అచ్చయితే ఎన్నో ఇళ్లలో ఎందరో తల్లుల భారం దిగుతుంది.

ఈ లోపం ఉన్న ప్రతి పిల్లవాడికీ శస్త్రచికిత్స అవసరం లేదని కూడా వెంటనే చెప్పాలి. చాలామందిలో సొట్ట కొద్దిగానే ఉంటుంది. అలాంటి పిల్లలు పరుగెత్తుతారు, కబడ్డీ ఆడతారు, ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతారు. లోతు ఎక్కువైనప్పుడే రొమ్ము ఎముక గుండెను ఒత్తి ఎడమ పక్కకు జరుపుతుంది, ఊపిరితిత్తులు విచ్చుకునే చోటు తగ్గుతుంది. కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. మెట్లెక్కినప్పుడు, పరుగెత్తినప్పుడు తోటివారి కంటే ముందే ఆయాసం, గుండె దడ, కొందరికి ఛాతీ నొప్పి వస్తాయి. ఎవరికి అవసరమో ఎవరికి కాదో తేల్చడానికి ఒక కొలత ఉంది. సీటీ స్కాన్‌లో సొట్ట బాగా లోతున్నచోట ఛాతీ లోపలి అడ్డ వెడల్పును కొలిచి, రొమ్ము ఎముక వెనుక నుంచి వెన్నెముక దాకా ఉన్న దూరంతో భాగిస్తారు. దీన్ని హాలర్ సూచిక అంటారు, 1987లో వచ్చింది. మామూలు ఛాతీలో ఇది రెండున్నర దాకా ఉంటుంది, 3.25 దాటితే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. మా వాడి స్కాన్‌లో అడ్డం 24 సెంటీమీటర్లు, ముందు నుంచి వెనక్కి 6 సెంటీమీటర్లు. అంటే సూచిక 4. బెత్తెడు కూడా లేని ఆ ఆరు సెంటీమీటర్ల సందులో నా కొడుకు గుండె కొట్టుకుంటోందని, ఆ గుండెతోనే 800 మీటర్లు పరుగెత్తమని నేను కేకలేశానని ఆ రోజు స్కాన్ గది బయట బల్ల మీద కూర్చొని గ్రహించాను.

స్కాన్‌తోపాటు గుండెకు ఎకో, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష చేశారు, వెన్ను పక్కకు వంగి ఉందేమో చూశారు. అక్కడి వైద్యుడు వాణ్ణి బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమన్నాడు, తర్వాత ఒక చేతి బొటనవేలు, చిటికెన వేళ్లతో రెండో చేతి మణికట్టును చుట్టమన్నాడు. మొదట అర్థం కాలేదు. బొటనవేలి కొస పిడికిలి అవతల నుంచి బయటికి పొడుచుకొస్తే, మణికట్టు చుట్టూ వేళ్లు ఒకదానిమీదొకటి ఎక్కితే, మార్ఫాన్ అనే జన్యు లోపం ఉందేమోనని అనుమానించాలట. ఆ లోపం ఉన్నవారు పొడవుగా, సన్నగా, పొడవాటి వేళ్లతో ఉంటారు, వారి గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని, కళ్లను జాగ్రత్తగా చూడాలి. కొందరిలో ఛాతీ సొట్ట దానికి పైకి కనిపించే గుర్తు మాత్రమే. అందుకే సొట్ట కొంచెమే ఉన్నా ఒక్కసారి వైద్యుడికి చూపించడం మంచిది.

ఇక అసలు చికిత్స. ఇప్పటి చిన్న గాట్ల పద్ధతి రాకముందు ఎక్కువగా చేసింది రావిచ్ అనే వైద్యుడి పద్ధతి, 1949 నాటిది. రొమ్ము మీద పొడవాటి కోత పెట్టి, తీరు తప్పిన మృదులాస్థులను కోసి తీసి, రొమ్ము ఎముకను గాటు పెట్టి సరిచేసేవారు. కొన్ని సందర్భాల్లో ఇప్పటికీ అది అవసరమవుతుంది. 1987లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్‌లో పిల్లల శస్త్రవైద్యుడు డోనాల్డ్ నస్ మరోలా ఆలోచించారు. పిల్లల ఛాతీ ఎముకలు, మృదులాస్థులు వంగే గుణం ఉన్నవైనప్పుడు వాటిని కోసి తీయడమెందుకు, లోపలి నుంచి ఆనుపు పెట్టి కొన్నేళ్లు నిలబెడితే ఆ ఆకారానికే అలవాటు పడవా అన్నది ఆయన ఆలోచన. పళ్లకు తీగ కట్టి వరుస సరిచేయడంలోనూ సూత్రం ఇదే. పదేళ్లపాటు 42 మందికి చేసి, ఫలితాలు చూసి, 1998లో ప్రచురించారు. అప్పటి నుంచి ప్రపంచమంతా ఈ పద్ధతి పాకింది.

మా పక్క ఊళ్లలో సొట్టపడిన ఇత్తడి బిందెను బాగుచేసే కంచరి పని చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన బయటి నుంచి సొట్ట మీద కొట్టడు. బిందె లోపలికి ఆనుపు దించి, లోపలి నుంచే ఎత్తుతాడు. శస్త్రచికిత్సలో రెండు పక్కలా చంకల కింద చిన్న కోతలు పెడతారు. ఒక చిన్న రంధ్రం గుండా కెమెరా గొట్టం పంపి, గుండె ఎక్కడుందో తెర మీద కళ్లారా చూసుకుంటూ, రొమ్ము ఎముక వెనుక, గుండెకు ముందు ఉన్న సందులో దారి చేస్తారు. పిల్లవాడి ఛాతీ కొలతను బట్టి అక్కడికక్కడే విల్లులా వంచిన స్టీలు పట్టీని ఆ దారి గుండా ఒక పక్క నుంచి మరో పక్కకు లాగుతారు. లాగేటప్పుడు పట్టీ వంపు వెన్ను వైపు ఉంటుంది. చివరలో దాన్ని గిర్రున తిప్పి బోర్లిస్తారు. ఆ ఒక్క తిప్పుతో వంపు పైకి వచ్చి రొమ్ము ఎముకను బయటికి లేపుతుంది. పట్టీ జరగకుండా చివరలను పక్కటెముకలకు బిగించి కుట్లు వేస్తారు. సాధారణంగా రెండు మూడేళ్లు ఉంచి, ఎముక ఆ ఆకారంలో కుదురుకున్నాక మళ్లీ చిన్న శస్త్రచికిత్సతో పట్టీ తీసేస్తారు. మా వాడికి మూడేళ్లు ఉంచారు.

కోత చిన్నదైతే బాధ కూడా చిన్నదనుకోకూడదు. వార్తల్లో ఈ ముక్క రాయరు కనుక నేను రాస్తున్నాను. పదిహేనేళ్ల కింద తప్పిన తీరును గంటల్లో ఒక్కసారి సరిచేసినప్పుడు పక్కటెముకలన్నీ మూలుగుతాయి. మొదటి మూడు నాలుగు రోజులు వాడు దగ్గడానికి భయపడ్డాడు, నవ్వించవద్దని మమ్మల్ని బతిమిలాడాడు. అప్పుడు వెన్నులో సన్నని గొట్టం పెట్టి నొప్పి మందు ఇచ్చారు. ఇటీవల పక్కటెముకల వెంట నడిచే నరాలను శస్త్రచికిత్స సమయంలోనే గడ్డకట్టించి కొన్ని వారాలపాటు మొద్దుబారేలా చేసే పద్ధతి వచ్చింది, స్పర్శ నెలల్లో తిరిగి వస్తుంది. అది అందుబాటులో ఉందా అని తల్లిదండ్రులు ముందే అడగాలి. ఇంటికి వచ్చాక కొన్ని వారాలు వెల్లకిలానే పడుకోవాలి, పక్కకు తిరగకూడదు, నడుము మెలితిప్పకూడదు, బడి సంచి మోయకూడదు, బండి నడపకూడదు. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు డ్రైవర్‌ను బతిమాలుకొని స్పీడ్‌ బ్రేకర్ల దగ్గర ఆపి ఆపి దాటించాం. మా అమ్మ మంచం పక్కనే కింద చాప వేసుకొని పడుకొని, నిద్రలో పక్కకు తిరగబోయినప్పుడల్లా భుజం మీద చేయి వేసి ఆపేది. నలభై రోజులు ఆమె సరిగా నిద్రపోలేదు.

ప్రమాదాలూ ఉన్నాయి. పట్టీ జరగవచ్చు, ఛాతీలో గాలి చేరవచ్చు, చీము పట్టవచ్చు. కొందరికి స్టీలులోని నికెల్ పడదు, గిల్టు నగలు, బెల్టు బకిల్ తగిలినచోట దద్దుర్లు వచ్చే పిల్లల విషయంలో ఆ సంగతి ముందే వైద్యుడికి చెబితే టైటానియం పట్టీ వాడతారు. గుండెకు గాయమవడం చాలా అరుదు, కానీ జరిగితే ప్రాణాపాయం. అందుకే ఎక్కడ దగ్గరగా ఉంది, ఎక్కడ చవక అని కాక, ఈ పని చేసి చేయి తిరిగిన వైద్యులు ఎక్కడున్నారో విచారించి వెళ్లాలి. ఇప్పటిదాకా ఎంతమందికి చేశారని వైద్యుణ్ణి అడగడానికి మొహమాటపడకూడదు. నేను అడిగాను, ఆయన నొచ్చుకోకుండా చెప్పారు. పట్టీ ఉన్నన్నాళ్లూ మా వాడి జేబులో ‘ఛాతీలో స్టీలు పట్టీ ఉంది’ అని తెలుగులో, ఇంగ్లిషులో రాసిన చీటీ ఉండేది. ఎక్కడైనా పడిపోతే చూసినవారికి తెలియాలి కదా.

అన్నింటికంటే ముఖ్యమైనది వయసు. ఎక్కువమంది వైద్యులు పదేళ్లు దాటాక, పదిహేను లోపు చేయడం మేలంటారు. మరీ చిన్నతనంలో చేస్తే ఎదిగేటప్పుడు సొట్ట తిరగబెట్టవచ్చు. ఎదుగుదల ముగిశాక చేస్తే ఎముక గట్టిపడి ఉంటుంది, కొన్నిసార్లు రెండు పట్టీలు వేయాల్సి వస్తుంది, నొప్పీ ఎక్కువే. పెద్దవాళ్లకు చేయరని కాదు, చేస్తారు, కానీ తేలికగా అయ్యే పని కష్టమవుతుంది. సొట్ట తక్కువగా ఉన్న చిన్నపిల్లలకు శస్త్రచికిత్స లేకుండా గాలి లాగే గిన్నె లాంటి సాధనాన్ని ఛాతీకి అమర్చి రోజూ కొంతసేపు ఉంచుకోమంటారు. ఎకార్ట్ క్లోబే అనే జర్మన్ ఇంజినీరు తన సొంత ఛాతీ సొట్ట కోసం తయారుచేసుకున్న సాధనమది. అదీ ఎముక మెత్తగా ఉన్న వయసులోనే బాగా పనిచేస్తుంది. అంటే ఏ దారి పట్టినా తగిన సమయం ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న ఐదేళ్లే. ఆ ఐదేళ్లూ పిల్లలు మా ఎదుటే, బడిలోనే ఉంటారు.

అయినా మాకు మూడేళ్లు వృథా అయ్యాయి. పన్నెండో ఏట తీసుకెళ్లినచోట కాల్షియం సిరప్పులు, బలం మందులు రాసి రెండేళ్లు తిప్పారు. మరొకచోట ‘‘మగపిల్లవాడే కదా, పెళ్లికి ఇబ్బంది లేదు’’ అని పంపించారు. శస్త్రచికిత్స అయ్యాక ఖర్చుల చెల్లింపు కోసం పెట్టిన కాగితాలను ఒక కార్యాలయం ఇది అందం కోసం చేయించుకున్న చికిత్స అని రాసి వెనక్కి పంపింది. స్కాన్, ఎకో నివేదికలు జతచేసి మళ్లీ పంపాను. అందమన్న మాట దగ్గర నా మనసు ఇప్పటికీ ఆగదు. గుండె పక్కకు జరిగిన పిల్లవాడి విషయంలో అది అబద్ధం. కేవలం రూపమే అనుకున్నా, మూడేళ్లు బావి గట్టు మీద బట్టలకు కాపలా కూర్చున్న పిల్లవాడి బాధ బాధ కాదా?

నేను ఉద్యోగిని కనుక భవిష్యనిధి నుంచి అప్పు తెచ్చి ముందు చికిత్స చేయించి, తర్వాత కాగితాలతో పోరాడగలిగాను. పత్తి చేను మీద బతికే తండ్రికి ఆ వెసులుబాటు లేదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన పొరుగు మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. ఛాతీ సొట్టకు సీటీ, ఎకో, పట్టీ ఖరీదు, మూడేళ్ల తర్వాత పట్టీ తీసే రెండో శస్త్రచికిత్స, ఇవన్నీ కలిపి ఏ షరతుల మీద ఎంతవరకు వర్తిస్తాయో, అడిగిన తండ్రికి ప్రతి ఆరోగ్యమిత్ర ఒక కాగితం చూపించి చెప్పగలిగేలా అధికారులు ఏర్పాటు చేయాలి. పట్టీ వేయడానికి దారి దొరికి, తీయడానికి దొరకకపోతే సగంలో వదిలేసినట్టే అవుతుంది.

రెండో విన్నపం బడి పరీక్షల గురించి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించాలి. వాహనంలో వైద్య బృందం మా బడికీ వస్తుంది. వారి జాబితాలోని పుట్టుకతో వచ్చే లోపాల్లో గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె లోపం లాంటివి ఉన్నాయి, ఛాతీ సొట్ట లేదు. జాబితా మారేదాకా ఆగనవసరం లేదు. గుండె చప్పుడు వినడానికి స్టెతస్కోపు పెట్టేటప్పుడు చొక్కా మీద నుంచి కాక, చొక్కా విప్పించి పెడితే ఆ అర నిమిషంలోనే ఛాతీ, వెన్ను రెండూ కంటబడతాయి. అయితే వరండాలో అందరి ముందూ కాదు. తలుపు వేసిన గదిలో, ఒక్కొక్కరిని పిలిచి చూడాలి. ఆడపిల్లలను మహిళా వైద్యురాలు లేదా ఏఎన్ఎం మాత్రమే, తల్లికి ముందే చెప్పి చూడాలి. ఈ లోపం ఆడపిల్లల్లో తక్కువే కానీ దాచడం మాత్రం వారి విషయంలోనే ఎక్కువ. సంబంధాలు రావన్న భయంతో తల్లి తప్ప ఇంకెవరికీ తెలియకుండా పెంచుతారు. ఇరవై ఏళ్లు వచ్చాక ఆయాసమని వెళ్తే రక్తహీనత అని మాత్రలిచ్చి పంపుతారు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. శస్త్రచికిత్స ఇక్కడే చేయమని నేను అడగడం లేదు, అది చేయి తిరిగినచోటే జరగాలి. కానీ సీటీ, ఎకో, ఊపిరి పరీక్ష ఇక్కడి పెద్దాసుపత్రుల్లోనే ఒకే రోజున చేసి, నివేదికలతో సహా హైదరాబాద్‌లోని పిల్లల శస్త్రచికిత్స విభాగానికి రాసి పంపితే తల్లిదండ్రులకు నాలుగు తిరుగుళ్లు తప్పుతాయి. ఒక్కో తిరుగుడంటే ఇద్దరి కూలి, బస్సు ఛార్జీలు, ఒక రాత్రి ఆసుపత్రి ఆవరణలో పడక. నాలుగోసారికి చాలామంది మానేస్తారు.

మీకు చేసుకునే మనవి చిన్నది. ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు ‘అరుదైన’ అన్న మాట తీసేసి, ఆ చోట పిల్లలకు పది నుంచి పదిహేనేళ్ల మధ్య ఛాతీ చూపించాలని ఒక్క వాక్యం వేయండి.

మా అబ్బాయికి ఇప్పుడు 19 ఏళ్లు. పట్టీ తీసి ఏడాది దాటింది. నేను మొదట్లో చెప్పిన ఇద్దరిలో రెండో పిల్లవాడు మా బడిలోనే ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. గత నెల కబడ్డీ జట్టుకు బనియన్లు పంచుతుంటే తీసుకోనన్నాడు. గదిలోకి పిలిచి, నా కొడుకు పాత ఫొటో చూపించాక చొక్కా గుండీలు విప్పాడు. వాళ్ల నాన్నతో మాట్లాడాను. పత్తి ఏరి అమ్మాక, సంక్రాంతి దాటి హైదరాబాద్ తీసుకుపోతానన్నాడు. పిల్లవాడికి సంక్రాంతికి 14 నిండుతాయి. వారితో పాటు మా అబ్బాయి కూడా వస్తానన్నాడు, నేను సెలవు రాసి పెట్టాను.

భవదీయుడు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా